నిస్తంత్రీ సంధాన వైఫల్యము: కారణ నిర్ణయ క్రమము

నేటి పరిశోధకుని గ్రంథాలయము కొంత భవనమందును, కొంత అంతర్జాలమందును నెలకొని యున్నది. ఇన్‌ఫ్లిబ్‌నెట్ కేంద్రము నిర్వహించు శోధగంగలోని సిద్ధాంతవ్యాసములను చదువవలె నన్నను, జాతీయ అభిలేఖాగారపు పత్రములను అభిలేఖ్ పటల్‌లో వెదకవలె నన్నను లాప్‌టాప్ వైఫైతో కలియవలసి యున్నది. నాలుగు దినముల గడువుతో హైదరాబాదునుండి ఢిల్లీకి వచ్చిన పరిశోధకునికి ఈ సంధానము కుదరనిచో ఒక దినమే వ్యర్థము కావచ్చును.

అట్టి వేళ తొందరపడి అన్ని అమరికలను ఒక్కమారుగా మార్చుట పలువురు చేయు పొరపాటు. పాఠపరిష్కర్త దోషము ఏ ప్రతియందు పుట్టినదో తేల్చుకొనిన పిదపనే సవరణకు పూనుకొనును. ఇచ్చటను అదియే పద్ధతి. ముందుగా అదే వైఫైకి చేతిఫోనును కలిపి చూడవలెను. ఫోను కలిసినచో దోషము ప్రాయికముగా లాప్‌టాప్‌లోనిది. కలియనిచో స్థానిక వ్యవస్థను గాని, వాడుకరి గుర్తింపును గాని శంకింపవలెను.

సంధానమునకు నాలుగు మెట్లు కలవు. మొదటిది అడాప్టరు పనిచేయుట. వైఫై పేరు లేవియు కనబడనిచో ఎయిర్‌ప్లేన్ మోడ్‌ను, ప్రక్కనుండు మీటను చూచి, పిదప డివైస్ మేనేజరులో అడాప్టరు నిలిచి యున్నదో లేదో పరీక్షింపవలెను. డ్రైవరు చెడినచో ఫోనును యూఎస్‌బీ తీగతో కలిపి, దాని అంతర్జాలము ద్వారా క్రొత్త డ్రైవరును తెచ్చుకొనవచ్చును.

రెండవది తరంగము అందుట. ఇతర నామములు కనబడి కావలసినది కనబడనిచో, అది 5 గిగాహెర్ట్జ్ పట్టీలో మాత్రమే ప్రసారమగుచుండ వచ్చును. పాత అడాప్టరులు పెక్కింటికి 2.4 మాత్రమే తెలియును. 2.4 గోడలను దాటుటలో మేలైనది. కాని అందు పరస్పరము కలియక నిలుచు మార్గములు 1, 6, 11 అను మూడే. నోయిడా, గురుగ్రామ్‌లలోని బహుళాంతస్తుల భవనములందు ఇరుగుపొరుగు రౌటరులన్నియు వీనినే పంచుకొనవలసి వచ్చును.

మూడవది గుర్తింపు. 2002లో ఐరోపాలో అంకురించిన ఎడ్యురోమ్ వ్యవస్థలో అతిథి గుర్తింపును పరీక్షించునది ఆతిథ్య సంస్థ కాదు, అతని స్వీయ సంస్థ. కావున వాడుకరి నామముతోపాటు ఎట్ గుర్తును, సంస్థ చిరునామాను పూర్తిగా వ్రాయవలెను. స్వస్థలమున చిన్న నామముతో సాగిన పని ఢిల్లీలో ఆగిపోవుటకు ఇదియొక ముఖ్య హేతువు. పాస్‌వర్డు మరచినచో ఢిల్లీలోని సాంకేతికుడు మార్చజాలడు. స్వీయ సంస్థనే అడుగవలెను. లాప్‌టాప్ తేదీ తప్పినను ధ్రువపత్రము చెల్లనిదిగా తోచి ద్వారము మూతపడును. పాస్‌వర్డు మారియున్నచో పాత సంధానమును చెరిపి మరల చేర్చవలెను.

నాలుగవది చిరునామా లభించుట. కలిసినట్లు కనబడియు పుటలు తెరచుకొననప్పుడు, చిరునామా 169.254తో మొదలైనచో రౌటరు దానిని ఈయలేదని అర్థము. వైఫైని ఆపి మరల కలుపవలెను. తీరనిచో సాంకేతికునికి తెలుపవలెను. చిరునామా సరిగా నున్నచో ప్రవేశపుట ఏదైన పూరింపవలసి యున్నదేమో బ్రౌజరులో చూడవలెను.

ఒక్కొక్క మార్పు చేసి, దాని ఫలితమును వ్రాసికొనుట ఉత్తమము. "వైఫై రాలేదు" అను మాటకంటె "మూడవ మెట్టున ఆగినది" అను మాట సాంకేతికునికి త్వరగా దారి చూపును. పరిశోధకునికి దినము మిగులును.