బందిపోటు చిత్రములలో కానరాని ముఖములు

వెడల్పు టోపీ, నడుమున తుపాకి, గుఱ్ఱము, ఎదుట ఎఱ్ఱని ఎడారి: అమెరికా పశ్చిమసీమ బందిపోటు చిత్ర మనగానే మన కన్నులకు గట్టు బొమ్మ యిది. 1971లో ‘మోసగాళ్ళకు మోసగాడు’ చూచిన తెలుగువారికి ఈ వేషము క్రొత్తదియు కాదు. అయితే 1903లో ఎడ్విన్ పోర్టర్ తీసిన ‘ది గ్రేట్ ట్రెయిన్ రాబరీ’ మొదలుకొని అరువది యేండ్లకు పైగా ఆ టోపీ క్రింద కనబడినది చాలవరకు తెల్లవాని ముఖమే.

చరిత్ర యట్లు లేదు. 1865లో అంతర్యుద్ధము ముగిసి బానిసత్వము తొలగిన పిమ్మట, టెక్సాస్‌నుండి ఉత్తరమునకు పశువుల మందలను తోలుకొనిపోయినవారిలో నలుగురి కొకడు నల్లవాడని చరిత్రకారుల అంచనా. బానిసగా పుట్టిన బాస్ రీవ్స్ 1875లో ఫోర్ట్ స్మిత్ న్యాయస్థానము క్రింద డిప్యూటీ మార్షల్‌గా చేరి, ముప్పది యేండ్లకు పైగా బందిపోట్లను పట్టి తెచ్చెను. చదువు రానివాడు; వారంటులను ఒరులచే చదివించుకొని జ్ఞాపక ముంచుకొనెడివాడట!

1937లో ‘హార్లెమ్ ఆన్ ది ప్రెయరీ’ వంటివి వచ్చినను, అవి ప్రధానముగా నల్లవారి సినిమాశాలలకు ఉద్దేశించినవి. 1960లో జాన్ ఫోర్డ్ ‘సార్జెంట్ రట్లెడ్జ్’ తీసినప్పుడు, ఆ సార్జెంటు వేషము వేసిన ఊడీ స్ట్రోడ్ పేరు పట్టికలో నాలుగవది. 1972లో సిడ్నీ పోయిటియర్ తానే దర్శకుడై ‘బక్ అండ్ ది ప్రీచర్’ నిర్మాణమునకు పూనుకొనవలసి వచ్చెను.

2021లో జేమ్స్ శామ్యూల్ ‘ది హార్డర్ దే ఫాల్’ చిత్రమునందు ముఖ్యపాత్రల నన్నిటిని నల్లవారికే ఇచ్చెను. కథ కల్పితమే కాని ఈ మనుష్యులు నిజముగా ఉండిరని ప్రారంభముననే ప్రకటించెను. సేవకుడో, దోష మెరుగని సాధువో తప్ప వేరు వేషము దొరకని నటునికి దోచుటకు, పగబట్టుటకు, ప్రేమించుటకు గూడ అవకాశము కలిగినది. దుష్టుని వేషము సైతము ఒక గౌరవమేనని మా అభిప్రాయము.

కాని పేర్లు వచ్చినంతగా మనుష్యులు రాలేదు. నాట్ లవ్ 1907లో తన జీవితకథను అచ్చువేసికొన్న పశువుల కాపరి. పిదప రైళ్ళలో కొలువు చేసినవాడే కాని ముఠానాయకుడు కాడు. ‘స్టేజ్‌కోచ్ మేరీ’ అని పేరుపొందిన మేరీ ఫీల్డ్స్ అరువదేండ్లు దాటిన పిదప, 1895లో మొంటానా మంచులో టపా మోయుటకు గుత్త పొందిన స్త్రీ. ఎత్తైన మనిషి, భారీ విగ్రహము, కారునలుపు. తెరమీద ఆమె సన్నని, లేత చాయగల పడుచు. చిత్రము విడుదలైనప్పుడు నల్లవారిలోనే పలువురు దీనిని ఆక్షేపించిరి. ఆక్షేపణ న్యాయమైనదే. తెల్లవారిని తొలగించి నప్పటికిని, అందమునకు వారు పెట్టిన కొలత తొలగలేదు గదా!

రూఫస్ బక్ విషయము ఇంకను విచారింపదగినది. చిత్రమున నతడు నడివయస్సు నాయకుడు. నిజమున అతని ముఠా నల్లవారును, అమెరికా ఆదివాసులైన క్రీక్ తెగవారును కలిసిన కుఱ్ఱవాండ్ర గుంపు. 1895 వేసవిలో కొలది దినములలోనే హత్యలును, స్త్రీలపై అత్యాచారములును చేసిరి. అప్పటికే ఆ తెగల నేలను ముక్కలుగా పంచుటకు ప్రభుత్వము 1893లో సంఘమును నియమించి యుండెను. 1896 జూలై 1వ తేదీన ఐదుగురిని ఫోర్ట్ స్మిత్‌లో ఉరితీసిరి. ఆ నేల గొడవ గాని, క్రీక్ వారి ముఖము గాని ఆ చిత్రకథలోనికి రాలేదు.