చిగుళ్ళ నెత్తురు – గుండె ఆరోగ్యం



మన బాగేపల్లి చుట్టుపక్కల పల్లెల్లో చాలామంది పిల్లల పళ్ళ మీద గోధుమరంగు చారలు కనిపిస్తాయి. సరిగ్గా తోమలేదని పెద్దవాళ్ళు కసురుకుంటారు. ఇటుకపొడో బొగ్గో ఇచ్చి ఇంకా గట్టిగా రుద్దమంటారు. అది పాచి కాదండీ. బోరు నీళ్ళలో ఎక్కువగా ఉన్న ఫ్లోరైడు, దవడలో పన్ను తయారయ్యే వయసులోనే వేసిన మచ్చ. రుద్దితే పోదు, చిగురు మాత్రం గీసుకుపోతుంది. మచ్చను చూసి కంగారుపడే మనం, ఉమ్మిలో పడే నెత్తురును మాత్రం పట్టించుకోం. ఈరోజు చెప్పదలచుకున్నది ఆ నెత్తురు గురించే.

పన్నుకూ చిగురుకూ నడుమ పాచి నిలిచి గట్టిపడితే గార అవుతుంది. అక్కడ చిగురు వాచి, ముట్టుకుంటే నెత్తురు కారుతుంది. నోట్లో ఎప్పుడూ ఉండే స్ట్రెప్టోకాకస్ జాతి క్రిములు ఆ దారిన నెత్తుట్లో కలుస్తాయి. ఆరోగ్యవంతుల ఒంట్లో అవి కాసేపటికే నశిస్తాయి. చిక్కంతా గుండె కవాటం ముందే దెబ్బతిన్నవాళ్ళకు. చిన్నప్పుడు గొంతునొప్పి వెనకే కీళ్ళు వాచి జ్వరం వచ్చినవాళ్ళలో కొందరికి కవాటాలు చెడతాయి. అట్లాంటి కవాటం మీద, లేదా ఆపరేషన్ చేసి పెట్టిన కృత్రిమ కవాటం మీద, ఈ క్రిములు గూడు కడతాయి. దీన్ని ఎండోకార్డైటిస్ అంటారు. వదలని జ్వరం, రాత్రిళ్ళు చెమటలు, ఆయాసం. ఆ గూటినుంచి తునక విడిపోయి మెదడుకు చేరితే పక్షవాతం రావచ్చు. నయం కావాలంటే వారాల తరబడి నరానికి మందు ఎక్కించాలి.

మరి గుండెపోటు? చిగుళ్ళ జబ్బున్నవాళ్ళలో అది ఎక్కువగా కనబడుతున్న మాట నిజమే. అయితే ఒకటి రెండోదాన్ని తెచ్చిపెడుతుందని రుజువు కాలేదని 2012లో అమెరికన్ హార్ట్ అసోసియేషన్ ప్రకటించింది. బీడీ, చక్కెర జబ్బు రెండూ అటు చిగుళ్ళనూ ఇటు గుండెనూ చెరుపుతాయి కాబట్టి, ఏది దేని పని అని విడదీయడం కష్టం. పళ్ళపొడి అమ్మేవాళ్ళు గుండెపోటు రానివ్వమంటే నమ్మకండి.

వేపపుల్ల, కానుగపుల్ల తప్పేమీ కాదు. కొన మెత్తగా నమిలి, చిగురు గీసుకోకుండా తోమితే చాలు. రాత్రి పడుకోబోయే ముందూ తోమాలి. వారం దాటినా నెత్తురు ఆగకపోతే పళ్ళ డాక్టరుకు చూపించి గార తీయించుకోండి. నెత్తురు వస్తోందని తోమడం మానేస్తే ఇంకా ముదురుతుంది.

కవాటం జబ్బున్నవాళ్ళు పన్ను పీకించుకునే ముందు ఆ సంగతి డాక్టరుకు తప్పక చెప్పాలి. కృత్రిమ కవాటం ఉన్నవాళ్ళకు, ఒకసారి ఎండోకార్డైటిస్ వచ్చినవాళ్ళకు, గంట ముందుగా యాంటీబయాటిక్ మాత్ర ఇస్తారు. బెంగళూరు జయదేవ ఆసుపత్రిలో కవాటం మార్పించుకున్నవాళ్ళు అక్కడిచ్చిన కాగితాలు పెట్టెలో దాచకుండా, పళ్ళ డాక్టరు దగ్గరికి వెంట తీసుకుపోండి.