గోలకొండ సువర్ణ ఫర్మానా

నేడు యంత్రశాలలకు పేరుపొందిన బొల్లారమునకు దక్షిణమున, కొన్ని క్రోసుల దూరములో గోలకొండ దుర్గము కలదు. ఒకప్పుడు ఆంగ్లేయ వర్తకులు ఆ దుర్గాధిపతుల అనుగ్రహమును వేడుకొనిరి.

ఉత్తరమున మొగలు చక్రవర్తి జహంగీరు కొలువునకు సర్ థామస్ రో రాయబారిగా వచ్చి, 1619 వఱకు ఈ దేశమున నుండెను. అతడు కోరిన సంధి కుదురలేదు. వర్తకమునకు అనుమతులు మాత్రమే లభించెను. అంతకు ముందే, 1611లో, ‘గ్లోబు’ అను ఆంగ్లేయుల ఓడ మచిలీపట్టణము చేరెను. జావా మొదలగు ద్వీపములలో తెలుగు నేతగాండ్ర వస్త్రములకు మంచి గిరాకి యుండెను. వాని నిచ్చి సుగంధద్రవ్యములు కొనవచ్చును. అందుచేత వారు మచిలీపట్టణమున కొఠీ నెలకొల్పిరి.

స్థానికాధికారులతో తగవులు పెరిగినందున వారు కొంతకాలము దుగరాజపట్టణమునకు తరలిపోయిరి. పిమ్మట 1632లో అబ్దుల్లా కుతుబ్ షా వారికొక ఫర్మానా నొసగెను. ఏటేట 500 వరహాలు చెల్లించి గోలకొండ రాజ్యపు రేవులలో స్వేచ్ఛగా వర్తకము చేసికొనవచ్చునని దాని సారాంశము. దీనినే సువర్ణ ఫర్మానా యందురు. సుంకము నిశ్చితమైనందున తగవులు తగ్గుటకు వీలు కలిగెను; కాని వర్తకమెంత పెరిగినను రాజునకు దక్కు సుంకము 500 వరహాలే.

1687లో ఔరంగజేబు గోలకొండను జయించెను. రాజ్యము అంతరించినను రాయితీల పరంపర అంతరింపలేదు. 1717లో మొగలు చక్రవర్తి ఫరూఖ్‌సియరు హైదరాబాదు సుబాలో ఆంగ్లేయులకు పూర్వమున్న సుంకపు మినహాయింపును స్థిరపరచెను. 1759లో వారు మచిలీపట్టణపు కోటనే ఫ్రెంచివారి నుండి గైకొనిరి.

వర్తకమునకు తలుపు తెఱచుట మేలే. కాని దాని గడియ ఎవరి చేతనున్నదో పాలకుడు మఱువరాదు.