వెయ్యి కోట్ల రెట్ల తేడాలో ఒక ప్రొటీన్‌ను పట్టడం

ఒక మిల్లీలీటరు సీరంలో అల్బుమిన్ దాదాపు 40 మిల్లీగ్రాములు ఉంటుంది. ఇన్‌ఫ్లమేషన్‌ను పట్టిచ్చే ఇంటర్‌ల్యూకిన్-6 ఆరోగ్యవంతుల్లో కొద్ది పికోగ్రాములే. రెండింటి మధ్య తేడా సుమారు వెయ్యి కోట్ల రెట్లు. అంత రద్దీలో కావలసిన ప్రొటీన్‌నే పట్టుకోవాలి. ఎలైసా వంటి పరీక్షల్లో ఆ పని యాంటీబాడీలది. ఇప్పుడు వాటి సరసన ఆప్టమర్లు చేరాయి.

ఆప్టమర్ అంటే సాధారణంగా 20 నుంచి 100 అక్షరాల పొడవుండే డీఎన్‌ఏ లేదా ఆర్‌ఎన్‌ఏ పోగు. మడతపడిన తీరును బట్టి ఫలానా ప్రొటీన్‌కు అతుక్కుంటుంది. 1992లో వెలువడిన థ్రాంబిన్ ఆప్టమర్‌కైతే 15 అక్షరాలే. యాంటీబాడీ 150 కిలోడాల్టన్లు తూగితే, ఇది 5 కూడా తూగదు.

దీన్ని ఎవరూ ముందుగా గీసి పెట్టరు, ఏరి తీస్తారు. 1990లో కొలరాడో విశ్వవిద్యాలయంలో క్రెయిగ్ టుర్క్, లారీ గోల్డ్ 8 స్థానాల్లో 4 అక్షరాలను మార్చి మార్చి 65,536 రకాల ఆర్‌ఎన్‌ఏలు తయారుచేశారు. వాటిని టీ4 వైరస్ ఎంజైమ్‌తో కలిపి, అతుక్కున్నవాటినే మళ్లీ మళ్లీ పెంచారు. అదే సెలెక్స్. ఇప్పుడు కోటి కోట్ల పోగులతో మొదలుపెట్టడం మామూలే.

ఇందులో నన్ను బాగా ఆకట్టుకునేది వేరొకటి. పోగు డీఎన్‌ఏ అయినప్పుడు, ప్రొటీన్‌కు బదులు దానికి అతుక్కున్న డీఎన్‌ఏను లెక్కిస్తే చాలు. ఆ లెక్కకు పీసీఆర్, చిప్‌లు ఎప్పటినుంచో ఉన్నాయి. గోల్డ్ స్థాపించిన సోమాలాజిక్ 2010లో 813 ప్రొటీన్లను ఒకేసారి కొలిచింది. 2023కల్లా ఆ కొలతలు 11,000కు చేరాయి.

అంత పెద్ద అంకె చూసి మురిసిపోవద్దు. సాండ్‌విచ్ ఎలైసాలో రెండు యాంటీబాడీలు ఒకే ప్రొటీన్‌ను చెరోవైపు పట్టుకుంటాయి. సోమాలాజిక్ పద్ధతిలో ఒక్కో కొలతకు ఒకే ఆప్టమర్. అది పొరపాటున పక్క ప్రొటీన్‌ను పట్టుకుంటే సరిచూసే రెండో చేయి లేదు.

పరీక్షలో కొద్దిపాటి పొరపాటు కూడా ఎంత దూరం పోతుందో లెక్క వేసి చూడండి. పదివేల మందిలో 100 మందికి జబ్బు ఉందనుకుందాం. రోగుల్లోనూ ఆరోగ్యవంతుల్లోనూ 95 శాతం సరిగా చెప్పే పరీక్ష 95 మంది రోగులను పట్టిస్తుంది. దాంతోపాటు జబ్బులేని 495 మందికీ పాజిటివ్ అంటుంది. అంటే పాజిటివ్ వచ్చిన ప్రతి ఆరుగురిలో అయిదుగురికి జబ్బే లేదు. అందుకే, ఇలాంటి స్క్రీనింగ్‌లో పాజిటివ్ వస్తే మరో పద్ధతిలో నిర్ధారణ పరీక్ష చేయించమని డాక్టరును తప్పక అడగండి.