మట్టిలేని సేద్యమునకు రెండు మీటర్లు

ఆసిఫాబాదు ప్రాంతమున వేసవి ఎండ 45 డిగ్రీలు దాటుటయు కలదు. మట్టి లేక పోషకద్రవములో మొక్కలు పెంచువారి పి.హెచ్. మీటరుకు ఆ ఎండ గొప్ప శత్రువు. ఎలక్ట్రోడు కొననున్న గాజుబుడ్డి ఎండినచో మీటరు అబద్ధమాడును. ద్రవము 5.5, 6.5 నడుమ ఉండవలెను. 7 దాటియున్నను మీటరు 6 అని చూపినచో, మనము నమ్మి ఊరకుందుము, ఇనుము అందక లేతాకులు పసుపుబారును. కావున ఎలక్ట్రోడు మార్చుటకు వీలున్న మీటరునే మేము మెచ్చుదుము. దానిని పొటాషియం క్లోరైడు ద్రవములో ఉంచవలెను. బట్టీపట్టిన నీరు పనికిరాదు, అది లోని లవణములను లాగివేయును. 7, 4 అంకెల ప్రమాణద్రవములతో తరచు సరిచూడవలెను. వాడిన ద్రవమును తిరిగి సీసాలో పోయరాదు, పొదుపరులు మన్నింతురు గాక!

విద్యుద్వాహకత మీటరు లవణముల మొత్తమునే తెలుపును, ఏ లవణమో తెలుపదు. ఉప్పదనమున్న బావినీరు ఎరువు కలుపకమునుపే పెద్ద అంకె చూపును. ముందుగా ఆ నీటిని కొలిచి వ్రాసికొనుడు.