నిచ్చెన కాలు పట్టుకునే మనిషి

సోలాపూర్ మిల్లుల్లో సాంచెలో వేలు పోయినవాళ్లను మనం మరచిపోము. నిచ్చెన మీద నుంచి పడ్డవాళ్లను మాత్రం ఎవరూ లెక్కపెట్టరు. ట్యూబులైటు మార్చాలి, పైపుల మీది పింజ దులపాలి, ఐదు నిమిషాల పనే గదా అంటారు.

మా ఖాతాలో ఒక మామ ఉండేవాడు. వరస మామ కాదు, అందరం అట్లనే పిలిచేవాళ్లం. ఒక రాత్రి పాళీలో ట్యూబు మార్చను ఎక్కిండు. నిచ్చెనను నాలుగు అడుగుల ఎత్తుకు ఒక అడుగు చొప్పున గోడకు దూరం పెట్టాలె. సాంచెల నడుమ అంత జాగా ఎక్కడిది? నిటారుగా నిలబెట్టిండ్రు. కింద నూనె, పింజ. కాలు పట్టుకొమ్మని నన్నే అడిగిండు. నాది పీసు మీద కూలి, సాంచె ఆగితే నష్టం. "ఉండు మామా, దారం తెగింది" అన్న. దారం ముడివేసి తిరిగి చూసేసరికి కిందపడి ఉన్నడు. మణికట్టు, తుంటి విరిగినయి.

జాబరు వచ్చి, "దవాఖానలో ఇంటి మెట్ల మీద పడ్డానని చెప్పు, నౌకరి ఉంటది" అన్నడు. మామ అట్లనే చెప్పిండు. యాక్సిడెంట్ బుక్కులో పేరు ఎక్కలేదు.

ఆ ఒక్క అబద్ధం ఎంత పని చేసిందో తరువాత తెలిసింది. ఇప్పటి ఈ.ఎస్.ఐ. లెక్క చూడండి. మామూలు జబ్బు కింద రాస్తే కూలిలో 70 శాతం, అదీ ఏడాదికి 91 రోజులే. పనిలో దెబ్బ అని రాస్తే 90 శాతం, మళ్లీ పనికి వచ్చేదాకా. అవిటితనం మిగిలితే బ్రతికినన్నాళ్లు నెలనెలా పైసలు. మామకు ఆ నెలనెలా పైసలు రాలేదు. అత్త బీడీలు చుట్టి ఇల్లు గడిపింది.

పడిపోయే ఎత్తులో పని చేయిస్తే కంచె కట్టో, మరో విధంగానో మనిషిని కాపాడాలని 1948 ఫ్యాక్టరీల చట్టం 32వ సెక్షనులో రాసిండ్రు. "వీలైనంతవరకు" అన్న మాట కూడా అందులోనే ఉన్నది. దాని చాటున దాక్కున్నవాళ్లను చాలామందిని చూసిన.

మొన్న మా గల్లీలో టవల్ సాంచెల షెడ్డుకు పోయిన. ఒక పిల్లగాడు భీము మీద నిలబడి ఫ్యాను తుడుస్తున్నడు. దిగమన్న. పక్క షెడ్డు నుంచి నిచ్చెన తెచ్చిండు. పని అయ్యేదాకా దాని కాలు పట్టుకొని నిలబడ్డ. "ముసలాయనకు పని లేదు" అని వెనక ఎవరో నవ్విండ్రు.