తండ్రి కాచిన గ్రుడ్లు

కోడిపెట్ట తన పిల్లలను రెక్కల క్రింద దాచుకొనుట మనమెల్లరము ఎరిగినదే. గ్రుడ్ల కాపలా తండ్రి వహించు సంసారమొకటి సముద్రగర్భమున కలదు. అది క్లౌన్ ఫిష్ అను విదూషక మత్స్యముది. నారింజవన్నె మేనిపై మూడు తెల్లని పట్టెలు, ఊగుచు తూగుచు ఈదు ఆ నడక, దానికీ పేరు తెచ్చినవి. 2003వ సంవత్సరమున ‘ఫైండింగ్ నీమో’ చలనచిత్రము వెలువడిన పిమ్మట పిల్లలందరికిని ఇది చుట్టమైనది.

పగడపు దిబ్బలలో ఎనిమోను అను పుష్పాకారజీవి యొక్క విషపు కేసరముల నడుమ ఇది కాపురముండును. గాజుతొట్టిలో ఎనిమోను లేకున్నను దీనికి లోటు లేదు. బోర్లించిన మట్టికుండ యొకటి చాలును. లీటరు నీటికి సుమారు 35 గ్రాముల లవణము, 26 మొదలు 28 డిగ్రీల వేడిమి, నిర్మలమైన నీరు మాత్రము తప్పనిసరి.

జంటను కూర్చుట సులభము. ఈ జాతిలో ఆడుదిగా పుట్టు చేపయే లేదు. రెండు పిల్లలను కలిపి పెంచినచో పెద్దది ఆడుదగును, చిన్నది మగదిగా నిలుచును. ఆడుది మరణించెనేని మగదియే ఆడుదిగా మారును.

ఆడుది కుండగోడపై వందలకొలది గ్రుడ్లు పెట్టును. అంతట తండ్రి పని మొదలగును. రెక్కలతో నీటిని విసరుచు గ్రుడ్లకు ప్రాణవాయువు నందించును. చెడిన వానిని నోటితో ఏరివేయును. నారింజరంగు గ్రుడ్లు క్రమముగా నల్లబడి, కడపట వెండి చుక్కలవలె పిల్లల కన్నులు మెరయును. వారము పది దినములలో ఒకనాటి రేయి, చీకటి పడిన కొలదిసేపటికే అవి పగులును. అచ్చటితో తండ్రి కర్తవ్యము ముగియును.

ఆపైన భారము పెంచువానిది. కన్నవారే పిల్లలను మ్రింగగలరు గనుక, ఆ సాయంకాలమే గ్రుడ్లున్న కుండను వేరుతొట్టికి మార్చవలెను. తండ్రి రెక్కలకు బదులుగా గాలిబుడగలు గ్రుడ్లను మెల్లగా తాకుచుండవలెను.

అసలు పరీక్ష మరునాటి ఉదయమున. మూడు నాలుగు మిల్లీమీటర్ల పిల్లకు నోరెంత యుండును? పెద్ద చేపల మేత ఎంత చల్లినను ఆ పిల్ల ఆకలితో మడియును. దానికి తగినది, మిల్లీమీటరులో మూడవ వంతునకు మించని రోటిఫరు అను సజీవ జంతువు. రోటిఫరునకు ఆహారము, నీటిని పచ్చబరచు సూక్ష్మమైన నాచు. నాచునకు వెలుతురు. కావున గ్రుడ్లు పెట్టక మునుపే నాచును, ఆ నాచుతో రోటిఫరులను పెంచి యుంచుకొనవలెను. వారము గడచిన పిమ్మట ఆర్టీమియా అను ఉప్పునీటి రొయ్యపిల్లలను తినిపింపవచ్చును. పది పండ్రెండు దినములకు తెల్లని పట్టె పొడసూపును. పిల్ల తేలియాడుట మాని తొట్టి అడుగుకు దిగును. నష్టములో అధికభాగము అంతకు ముందే జరుగును.

ఇంత శ్రమ ఏల అందురా? కొన్ని దేశములలో అలంకారపు చేపలను పట్టుటకు పగడపు దిబ్బలపై సయనైడు చల్లిరి. చేప మత్తిల్లి చేతికి దొరకును, పగడము చచ్చును. 1970వ దశకపు తొలి యేండ్లలో అమెరికాలోని ఫ్లోరిడాయందు మార్టిన్ మో ఈ చేపలను వ్యాపారమునకు సరిపడునంతగా పెంచి వేరొక త్రోవ చూపెను. మన దేశమున కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థవారు మండపమునందలి తమ కేంద్రములో ఈ విద్యను సాధించిరి. తొట్టిలో పుట్టిన ప్రతి చేపయు సముద్రమున ఒక చేపను మిగుల్చును.

ఆహారశృంఖలయను పాఠమును ఉపాధ్యాయులు నల్లబల్లపై బాణపు గుర్తులతో బోధింతురు. పచ్చనీటి సీసా యొకటి తరగతి కిటికీలో నుంచి, అందు నాచు చిక్కబడుట పిల్లలకు చూపినచో, ఆ బాణములలో మొదటిది ఎచ్చట మొదలగునో వారికి కన్నులయెదుటనే తెలియును.